పాత జెన్‌లోకి ఎస్టీమ్ ఇంజన్ ఎక్కించడం ఎలా

మారుతి జెన్ బానెట్ కింద ఉండేది 993 సీసీల ఇంజన్. ఎస్టీమ్‌లో ఉండేది 1298 సీసీలది. రెండూ సుజుకి ‘జి’ కుటుంబంలోని అక్కాచెల్లెళ్లే. రెండింటికీ నాలుగేసి సిలిండర్లు, రెండింటిదీ అల్యూమినియం ఒళ్లే. చిన్నదాన్ని జి10బి అంటారు. దాని బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 61. పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే (ఎంపీఎఫ్ఐ) ఎస్టీమ్ ఇంజన్ పేరు జి13బిబి. దాని బోరు 74, స్ట్రోకు 75.5. ఎంపీఎఫ్ఐ జెన్ సుమారు 60 హార్స్ పవర్ ఇస్తే, ఈ ఎస్టీమ్ ఇంజన్ 85 ఇస్తుంది. ఎనిమిది వందల కిలోలైనా తూగని బండికి ఇరవై అయిదు గుర్రాలు అదనంగా కడితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అందుకే ర్యాలీలంటే పడిచచ్చే మన దేశపు కుర్రాళ్లు ఏళ్ల తరబడి ఈ జతను కలుపుతూనే ఉన్నారు.

నేనూ కలిపాను. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి ఉగాదికి పూర్తి చేద్దామనుకున్నాను. బండి దసరాకు కదిలింది. పాత ఇంజన్ దించడానికి ఒక రోజు, కొత్తది కూర్చోబెట్టడానికి ఒక రోజు పట్టింది. మిగిలిన నెలలన్నీ ఇంజన్ చుట్టూ ఉండే పనులకే పోయాయి. కాబట్టి ఇక్కడ కూడా ఆ చుట్టుపక్కల పనుల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఆర్సీ తీసి చూడండి

పానా పట్టకముందే తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ బండిని ఎక్కడ నడపబోతున్నారు? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ఆర్సీలో ఇంజన్ నంబరూ ఉంటుంది, సీసీలూ ఉంటాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేరిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

అరిగిపోయిన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేయడం వేరు. దానికి ఆర్టీఏకు దరఖాస్తు పెట్టుకుని కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు. 993 ఉన్నచోట 1298 పెడతామంటే అది వేరే లెక్క. అనుమతి చేతికి రాకుండా ఆ బండిని రోడ్డెక్కిస్తే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. అవతలివాడికి కట్టవలసిన పరిహారం మీ ఇంటి మీదికి రావచ్చు. అందుకని ఇక్కడ చెప్పేదంతా ట్రాక్ మీద, ప్రైవేటు స్థలంలో జరిగే పోటీల్లో నడిపే బండి కోసమే. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరు కరి ట్రాక్‌కో లారీ మీద వేసుకుని వెళ్లే బండి అన్నమాట. నా జెన్ అలాగే వెళుతుంది. ‘అంత కష్టపడి తయారు చేసి లారీ ఎక్కిస్తావా’ అని మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ఇంజన్ కొనకండి, బండి కొనండి

విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ, చెన్నై పుదుపేటలోనూ పాత విడిభాగాలు దొరుకుతాయి. ఇంజన్ ఒక్కటే కొంటే చౌకగా వస్తుంది. నేను మొదట ఆ చౌకకే పడ్డాను. దుకాణంలో ఇంజన్ మెరుస్తూ కనిపించింది. వైర్లను మాత్రం ఎక్కడికక్కడ కటింగ్ ప్లయరుతో జానెడు పొడవున కత్తిరించి ఉంచారు. ఆ తెగిన వైర్లలో ఏది ఎక్కడికి పోతుందో కనిపెట్టడానికి రెండు నెలలు పట్టింది. చివరికి విసిగి, వెనుక నుంచి ఎవరో గుద్దిన ఎస్టీమ్‌ను మొత్తంగా కొన్నాను. మీరు ఆ పని మొదటే చేయండి. బండి మొత్తంగా కొంటే దాన్ని స్టార్ట్ చేసి వినవచ్చు, నడిపి చూడవచ్చు. ఇంజన్, గేర్‌బాక్సు, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), పెట్రోలు పంపు, రేడియేటర్, యాక్సిళ్లు, ఫౌండేషన్లు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే బిగింపులు) అన్నీ ఒక్క బండివే అవుతాయి. మిగిలిన తలుపులూ అద్దాలూ అమ్మితే కొంత డబ్బు వెనక్కి వస్తుంది.

అమ్మేవాడి దగ్గర ఆర్సీ, బిల్లు తప్పకుండా అడగండి. ఇంజన్ నంబరును కాగితంతో పోల్చుకోండి. నంబరు గీకేసి ఉంటే అది ఎంత చౌకైనా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.

ఇదే జి13బిబి 2005లో వచ్చిన తొలి పెట్రోలు స్విఫ్ట్‌లోనూ ఉంది, జిప్సీ కింగ్‌లోనూ ఉంది. కానీ జిప్సీలో ఇంజన్ నిలువుగా, వెనుక చక్రాలను తిప్పేలా కూర్చుంటుంది. జెన్‌లో, ఎస్టీమ్‌లో అడ్డంగా ఉంటుంది. పేరు ఒకటే కదా అని జిప్సీ ఇంజన్ తెచ్చుకుంటే చుట్టూ ఉన్న సరంజామా అంతా మార్చుకోవలసి వస్తుంది. స్విఫ్ట్‌ది అడ్డంగానే కూర్చుంటుంది గానీ దాని ఎలక్ట్రానిక్స్ తర్వాతి తరానివి. మొదటిసారి చేసేవారికి ఎస్టీమే మేలు. అందులోనూ ఎంపీఎఫ్ఐది చూసుకోండి. ఇంజెక్టర్లు లేని పాత కార్బ్యురేటర్ ఎస్టీమ్ 65 హార్స్ పవరే కాబట్టి దాని కోసం ఇంత శ్రమ పడనక్కర్లేదు.

కొనే ముందు, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజితో పరీక్షించండి. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పాలి. ఈ ఇంజన్‌కు మంచి అంకె 199 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. 170కి దిగితే రిపేరు తప్పదు. సిలిండర్ల మధ్య తేడా 14 పీఎస్ఐ మించకూడదు. ఆయిలు పోసే మూత తీసి లోపల చూడండి. అక్కడ తెల్లటి మీగడ కనిపిస్తే ఆయిల్లోకి నీళ్లు చేరుతున్నాయన్నమాట.

బ్రేకుల పని ఇప్పుడే

‘ఇంజన్ ఎక్కించాక బ్రేకుల సంగతి చూద్దాం’ అనుకున్న ఎవరూ తర్వాత చూడలేదు. ఇంజన్ ఎక్కగానే నడపాలనిపిస్తుంది. అందుకే పాత ఇంజన్ ఇంకా బండిలో ఉండగానే బ్రేకుల పని పూర్తి చేసి, దానితోనే నడిపి పరీక్షించండి.

లెక్క చిన్నదే. బండిలో ఉన్న శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వంద దగ్గర బ్రేకు మింగవలసిన వేడి కన్నా నూట నలభై దగ్గర మింగవలసినది దాదాపు రెట్టింపు. జెన్‌కు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. అవి 60 హార్స్ పవర్ బండికని వేసినవి. ఎస్టీమ్ నుంచి ముందు చక్రాల నకుల్ (హబ్బును పట్టి ఉంచే భాగం), హబ్బు, డిస్కు, కాలిపర్‌లను విడదీయకుండా ఒక జతగా తీసి పక్కన పెట్టుకోండి. మీ బండి సస్పెన్షన్‌కు అవి కూర్చుంటాయేమో ఇంజన్ దించకముందే ఒకసారి పట్టించి చూడండి. కూర్చోకపోతే కొత్త డిస్కులు, మంచి రకం ప్యాడ్లు వేసుకోండి. రబ్బరు హోసులన్నీ మార్చండి. పాత బ్రేకు ఆయిలు పూర్తిగా తీసేసి కొత్తది పోసి, గాలి లేకుండా చేయండి. 145 సైజు టైర్లతో మాత్రం ఈ ఇంజన్‌ను భరించలేరు.

దించడం

అరుగు మీదో మట్టిలోనో కాకుండా చదునైన గచ్చు మీద బండి నిలపండి. ఇంజన్‌ను ఎత్తే చైన్ బ్లాకు కట్టే దూలం ఇనుపదై ఉండాలి. ఒక టన్ను మోసే బ్లాకు తెచ్చుకుంటే నిశ్చింత. తోడుగా ఇంకొకరు ఉండాలి. ఇది ఒంటరిగా చేసే పని కాదు. వేలాడుతున్న ఇంజన్ కిందికి చెయ్యి గానీ కాలు గానీ పోకూడదు.

ముందు చక్రాల నడిబొడ్డున ఉండే యాక్సిల్ నట్లను బండి నేల మీద ఉండగానే వదులు చేయండి. జాకీ మీద ఎత్తాక చక్రం తిరిగిపోతుంటే ఆ నట్టు రాదు. మీ జెన్ ఎంపీఎఫ్ఐది అయితే పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ ఆగిపోయేదాకా నడపండి. పైపులో ఒత్తిడి అలా దిగుతుంది. తర్వాత బ్యాటరీ తీయాలి. రేడియేటర్ నీళ్లు ఇంజన్ చల్లారాకే వదలాలి. బానెట్ తీసే ముందు మడతబందుల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత మీద పెడితే చాలు, సందులు సమంగా వస్తాయి.

ఏసీ పైపులు విప్పకండి. కంప్రెసర్‌ను పైపులతో సహా బ్రాకెట్ నుంచి విప్పి, తాడుతో పక్కకు కట్టేస్తే గ్యాసు వృథాగా పోదు. ప్రతి వైరుకూ, ప్రతి హోసుకూ కాగితం అంటించి నంబరు వేయండి. ఫోనుతో ఫొటోలు తీయండి. మీకు గుర్తుంటుందని మీరనుకుంటారు, ఉండదు. నట్లూ బోల్టులూ ఏ భాగానివి ఆ భాగానికి విడివిడిగా పాత మిఠాయి డబ్బాల్లో వేసుకోండి.

యాక్సిళ్లను గేర్‌బాక్సు నుంచి తీసేటప్పుడు షాఫ్టు పట్టి లాగకూడదు. లాగితే లోపలి జాయింటు విడిపోతుంది. గేర్‌బాక్సుకూ జాయింటుకూ మధ్య పట్టీ దూర్చి ఎగదన్నాలి. తర్వాత ఫౌండేషన్ల బోల్టులు తీసి, ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే పైకి లేపండి. లేపేటప్పుడు ప్రతి అరచేతి ఎత్తుకూ ఆగి, ఏదైనా వైరు పట్టుకుని ఉందేమో చూడండి. ఎస్టీమ్ దగ్గరా ఇదే వరస. ఒక్కటే తేడా, దాని వైరింగ్‌ను కత్తిరించకుండా డాష్‌బోర్డు లోపలి ఈసీయూ దాకా మొత్తంగా లాక్కోవాలి. చివరి ఏడాదుల బండి అయితే తాళంచెవిలో దొంగతనం ఆపే చిప్ ఉండవచ్చు. అప్పుడు తాళంచెవి, ఇగ్నిషన్, దాని పెట్టె, ఈసీయూ నాలుగూ ఒకే బండివి కావాలి. ఒకటి తప్పినా ఇంజన్ అంటుకోదు.

బయట ఉండగానే చేసుకోవలసినవి

టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంకుకు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) ముందూ వెనుకా ఉండే ఆయిల్ సీళ్లు, యాక్సిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు. ఇవన్నీ కొత్తవి వేయండి. వెనుక ఆయిల్ సీలు ఖరీదు ఏమంత ఉండదు, కానీ అది కారడం మొదలుపెడితే గేర్‌బాక్సు మళ్లీ దించాల్సిందే. ఫ్లైవీల్‌ను లేత్ మీద చదును చేయించండి. ఎస్టీమ్ ఫ్లైవీల్‌కు ఎస్టీమ్ క్లచ్చే జత.

గేర్‌బాక్సు దేనిది పెట్టాలన్నది మీ ట్రాక్ మీద ఆధారపడుతుంది. తేల్చుకోవడానికి తేలిక దారి ఒకటుంది. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, ప్లగ్గులు తీసి, టాప్ గేరు వేయండి. చక్రాలు రెండింటినీ కలిపి ఒక చుట్టు తిప్పితే క్రాంకు పుల్లీ ఎన్ని చుట్లు తిరుగుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కించండి. ఇంజన్లు దించకముందే రెండు బండ్లకూ ఇలా చేయండి. చుట్లు ఎక్కువ వస్తే ఉరుకు ఎక్కువ, పై వేగం తక్కువ. చిన్న ట్రాక్‌కు ఎక్కువ చుట్లదే బాగుంటుంది.

ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలిపేటప్పుడు క్లచ్ ప్లేటు నడిమధ్యన ఉండాలి. దానికి పనికొచ్చే కడ్డీ బజార్లో దొరుకుతుంది. గేర్‌బాక్సు చేత్తో తోస్తే చివరిదాకా వెళ్లి కూర్చోవాలి. ఒక వేలు సందు మిగిలితే బోల్టులతో లాగి బిగిద్దామనిపిస్తుంది. బిగిస్తే అల్యూమినియం చెవి విరుగుతుంది. మళ్లీ తీసి, ప్లేటు సరిచేసి పెట్టండి.

మట్టి ఉండలతో కొలత

ఇంజన్‌ను వెంటనే బిగించేయకండి. చైనుకు వేలాడుతుండగానే ముందొకసారి ఉత్తినే దించి చూడండి. రెండు యాక్సిళ్లూ చక్రాల నడిబొడ్డుకు తిన్నగా వెళుతున్నాయా, ఆయిల్ చాంబరు అడుగు కమ్మీకి తగులుతోందా, పుల్లీకీ పక్క గోడకూ మధ్య బెల్టు మార్చేంత చోటుందా అని చూసుకోండి. ఎత్తు దగ్గర మరీ జాగ్రత్త, ఈ ఇంజన్ స్ట్రోకు పెద్దది. ఇంజన్ పైభాగంలో ఎత్తుగా ఉన్నచోట్ల బంకమట్టి ఉండలు పెట్టి, బానెట్ మూసి తెరవండి. వినాయక చవితి మట్టి మిగిలి ఉంటే ఇంకా మంచిది. ఉండ ఎంత మందాన నలిగిందో అంతే మీకున్న సందు. అది రెండు సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఫౌండేషన్ కిందికి దించాలి. రబ్బర్ల మీద కూర్చున్న ఇంజన్ గేరు మారినప్పుడల్లా ఊగుతుంది.

ఫౌండేషన్ బ్రాకెట్ మార్చవలసి వస్తే ముందు అట్టముక్కతో నమూనా కత్తిరించి, దాన్ని వెల్డింగ్ మేస్త్రీకి ఇవ్వండి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీసి ఉండాలి, ఈసీయూ ఊడదీసి ఇంట్లో పెట్టాలి, పెట్రోలు ట్యాంకు, పైపులు దరిదాపుల్లో ఉండకూడదు.

వైర్లు

ఇక్కడ ఓపిక కావాలి. ఎస్టీమ్ ఇంజన్ వైరింగ్‌ను ముక్క చేయకుండా అలాగే జెన్‌లోకి తెచ్చి, జెన్ వైరింగ్‌తో కలవవలసిన తీగలను మాత్రమే కలపండి. అవి అనుకున్నంత ఎక్కువేమీ ఉండవు. ఎప్పుడూ బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, తాళం తిప్పితే వచ్చే కరెంటు, స్టార్టర్ తీగ, పెట్రోలు పంపు రిలే, ఫ్యాను రిలే, మీటర్లకు వెళ్లే ఉష్ణోగ్రత, వేగం తీగలు, ఆయిల్ లైటు, చెక్ ఇంజన్ లైటు, చార్జింగ్ లైటు, ఎర్త్. రెండు బండ్ల వైరింగ్ పటాలూ ముందు పెట్టుకుని, ఒక నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసి, ఎటు తీగ ఎటు కలుస్తుందో రాసుకున్నాకే కత్తెర పట్టండి. రంగును నమ్మకండి. ఒకే రంగు తీగ రెండు బండ్లలో రెండు పనులు చేస్తుంది. మల్టీమీటరు పెట్టి చూశాకే నమ్మండి.

చాలామంది బోల్తా పడేది తాళం తీగ దగ్గర. తాళం తిప్పగానే 12 వోల్టులు వచ్చే తీగలు రెండు రకాలు. ఒక రకం స్టార్టర్ తిరుగుతున్నప్పుడు చచ్చిపోతుంది. రేడియో లాంటి వాటికి అది చాలు. ఈసీయూకు ఆ తీగ ఇస్తే స్టార్టర్ తిరిగినంతసేపూ ఇంజన్ అంటుకోదు, తాళం వదిలే క్షణంలో ఒక్కసారి దగ్గి ఊరుకుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే ఇంజెక్టర్లను తిట్టుకోకుండా ఆ తీగ మార్చండి.

ఎర్త్ గురించి నా అనుభవం చెప్పాలి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే లావు ఎర్త్ తీగ బిగించడం మరిచిపోయి స్టార్టర్ కొట్టాను. కరెంటు ఎలాగైనా దారి వెతుక్కుంటుంది. అది యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయింది. కేబుల్ తొడుగు కళ్లముందే కరిగి పొగలు కక్కింది. అప్పటి నుంచి నేను ముందు బిగించేది ఎర్తే. బ్యాటరీ నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి ఇంజన్‌కు ఒకటి ఉండాలి. ఈసీయూ ఎర్త్‌లు రంగు గీకిన శుభ్రమైన లోహం మీదే కూర్చోవాలి. సెన్సర్లకు ఉండే ప్రత్యేక ఎర్త్ తీగ మాత్రం ఈసీయూకే వెళ్లాలి, దాన్ని బాడీకి కలపకూడదు.

అతుకులన్నీ టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. తీగలు మెలితిప్పి టేపు చుట్టిన అతుకు మన ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. ప్రతి వేడి భాగానికీ, ప్రతి పదునైన అంచుకూ వైరింగ్‌ను దూరంగా కట్టండి.

పెట్రోలు, నీళ్లు, పొగ

మీది కార్బ్యురేటర్ జెన్ అయితే దాని పంపు ఈ ఇంజన్‌కు పనికిరాదు. కార్బ్యురేటర్‌కు పెట్రోలు మెల్లగా చేరితే చాలు. ఇంజెక్టర్లకు సుమారు రెండున్నర, మూడు బార్ల ఒత్తిడి కావాలి. ట్యాంకులో మునిగి ఉండే కరెంటు పంపు, కొత్త ఫిల్టరు, తిరిగి ట్యాంకుకు వచ్చే పైపు అమర్చాలి. హోసు ఇంజెక్షన్ ఒత్తిడికని తయారైనదే కొనండి. మామూలు రబ్బరు గొట్టం ఆ ఒత్తిడికి పగిలితే పెట్రోలు నేరుగా వేడి ఇంజన్ మీదే పడుతుంది. మంటలార్పే సిలిండర్ షెడ్డులో ఒకటి, బండిలో ఒకటి ఉంచండి.

రేడియేటర్ ఎస్టీమ్‌దే పెట్టండి. చోటు సరిపోకపోతే అంతే మందం ఉన్నది రేడియేటర్ పనివాళ్ల చేత కట్టించండి. సైలెన్సర్ మొదటి గొట్టం ఎస్టీమ్‌దే ఉంచండి. ఆక్సిజన్ సెన్సర్ దాని మీదే ఉంటుంది. అది లేకపోతే ఈసీయూ గుడ్డిగా పెట్రోలు చిమ్ముతుంది.

తొలిసారి స్టార్టు

ఆయిలు, గేర్ ఆయిలు, కూలంటు నింపండి. పెట్రోలు పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టరు, నాలుగు ప్లగ్గులూ తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్ది కొద్దిసేపు స్టార్టర్ తిప్పండి. నెలల తరబడి ఎండిన బేరింగులకు అలా ఆయిలు చేరుతుంది. తర్వాత ప్లగ్గులు బిగించి, ఫ్యూజు, కనెక్టరు పెట్టి, తాళం ఒకసారి తిప్పి పంపు కూ అన్నదా విని, పెట్రోలు పైపులన్నింటినీ టార్చిలైటుతో చూశాకే స్టార్ట్ చేయండి.

అంటుకోగానే ఎక్సిలరేటర్ తొక్కి ఊరంతా వినిపించాలనే కోరిక పుడుతుంది. ఆపుకోండి. ఐడ్లింగ్‌లో ఉంచి ఉష్ణోగ్రత ముల్లును చూస్తూ కూర్చోండి. హీటరు పూర్తి వేడికి తిప్పి ఉంచితే నీళ్లలోని గాలి బయటికి పోతుంది. ఫ్యాను దానంతట అది తిరిగి, దానంతట అది ఆగేదాకా ఇంజన్ ఆపకండి. ముల్లు ఎర్ర గీత వైపు పోతున్నా ఫ్యాను కదలకపోతే మాత్రం వెంటనే ఆపి, రిలే తీగ చూడండి.

మొదటి పరుగు ఖాళీ స్థలంలో, రెండో గేరు దాటకుండా, బ్రేకులు పరీక్షించడానికే. వచ్చాక ఫౌండేషన్ బోల్టులు, యాక్సిల్ నట్లు, సైలెన్సర్ బోల్టులు అన్నీ మళ్లీ బిగించండి. కనీసం రెండైనా పావు చుట్టు తిరుగుతాయి. చక్రాల అలైన్‌మెంటు చేయించండి. వంద కిలోమీటర్లకు ఇంజన్ ఆయిలు తీసి, ఒక తెల్లని గుడ్డ మీద పోసి ఎండలో పట్టి చూడండి. మెరిసే పొడి కనిపించకపోతే కొత్త ఫిల్టరు వేసి, కొత్త ఆయిలు పోసి, ట్రాక్‌కు వెళ్లే లారీ మాట్లాడుకోవచ్చు.